వెన్నకాళ్ళమ్మ

నా కాళ్ళు చూసి నా వయసు చెప్పమంటే ఎవరి తరమూ కాదు. ముఖం చూస్తే యాభై నాలుగని టక్కున చెప్పేస్తారు, అది వేరే సంగతి. మా వీధి ఆడవాళ్ళు నాకు వెన్నకాళ్ళమ్మ అని పేరు పెట్టారు. ఎవరికి మడమలు పగిలినా, ఎవరి కూతురికి పెళ్ళి కుదిరినా మా గుమ్మంలోకే వస్తారు. "వదినా, ఏం రాస్తావో చెప్పవూ?" అంటారు. నేను దాచుకునే రకాన్ని కాదు. గోరువెచ్చటి నీళ్ళలో గుప్పెడు కల్లుప్పు వేసి పావుగంట నానబెట్టాలి. నురగరాయితో ఒక్కవైపే రుద్దాలి, ముందుకూ వెనక్కూ రుద్దితే చర్మం రేగిపోతుంది. నిమ్మచెక్కను పంచదారలో అద్ది మడమలకు పట్టించాలి. తడి పూర్తిగా ఆరకముందే ఆముదం రాసి పాత మేజోళ్ళు తొడుక్కుని పడుకోవాలి. వారానికోసారి మీగడా తేనే కలిపి రాయాలి. అంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. కాకపోతే రోజూ చెయ్యాలి. వాళ్ళు మూడు రోజులు చేసి మానేస్తారు, ఆ తర్వాత నా కాళ్ళకేసి చూసి కుళ్ళుకుంటారు.

వాళ్ళకది సోకు. నాకది కూడు.

నేను జాడీల కార్ఖానాలో మట్టి తొక్కుతాను. మావి నడుమెత్తు జాడీలు. మట్టిని పిసకడానికి మిషను ఉంది, కాదనను. కానీ మిషను మట్టిని పిసుకుతుందే తప్ప అందులో ఏముందో చెప్పదు. బియ్యపుగింజంత రాయి మిగిలిపోయినా చాలు, బట్టీ వేడికి జాడీ ఢామ్మని పగులుతుంది. పగిలి ఊరుకుంటుందా, ఒక్కోసారి పక్కనున్న నాలుగింటినీ వెంటబెట్టుకుని పోతుంది. అందుకే చక్రం ఎక్కే ముందు ఆఖరి తొక్కుడు మనిషి కాలితోనే తొక్కాలి, అదీ మెత్తటి కాలితో. మడమ మొద్దుబారితే రాయి కిందనుంచి జారిపోయినా తెలియదు. నాకు పని నేర్పిన ముసలమ్మ మొదటిరోజే ఆ మాట చెప్పింది. ఆ రోజు నుంచి ఇరవై ఆరేళ్ళు నా అరికాలు దాటి ఒక్క రాయి పోలేదు.

పోలేదని మొన్నమొన్నటిదాకా చెప్పుకునేదాన్ని. క్రితం నెల బట్టీలో ఒక జాడీ పగిలింది. బట్టీ మేస్త్రి పెంకులన్నీ ఏరి, ఒక పెంకులో ఇరుక్కున్న రాతిపలుకును గోటితో పెళ్ళగించి నా అరచేతిలో పెట్టాడు. నాకంటే రెండేళ్ళు చిన్నవాడు, నన్ను అక్కా అని పిలుస్తాడు. ఒక్క మాట కూడా అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

అసలు సంగతి నాకు తెలుసు. ఎనిమిది నెలల కిందట నా ఎడమకాలి వేళ్ళు మొద్దుబారాయి. మేజోడు విప్పినా ఇంకా తొడుక్కునే ఉన్నట్టు అనిపించేది. అది వేళ్ళతో ఆగలేదు, మెల్లగా అరికాలంతా పాకింది. చర్మం మందమైంది కాబోలు అనుకున్నాను. మా పనిలో ఉన్నవాళ్ళెవరైనా అలాగే అనుకుంటారు. స్పర్శ తగ్గిందంటే కాలు మొరటుబారినట్టు, మొరటుబారిందంటే ఇంకా రుద్దాలన్నట్టు. ఒకపూట నానబెట్టేదాన్ని రెండుపూటలా నానబెట్టాను. నురగరాయి అరిగిపోతే కొత్తది కొన్నాను. కాలు పట్టుకుంటే పసిపాప చెంపలా ఉండేది. అయినా ఏమీ తెలిసేది కాదు.

రెండేళ్ళ కిందట ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ ఒంట్లో షుగరుందని మాత్రలిచ్చింది. పది రోజులు వేసుకున్నాను. టీలో పంచదార మానేశాను కదా, ఇంకా ఈ మాత్రలెందుకని అవీ మానేశాను. దానికీ దీనికీ లంకె ఉంటుందని అప్పుడు అనుకోలేదు. తర్వాత అనుమానం వచ్చింది గానీ, నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

నాకో కోడలుంది. మా వాడు లారీ మీద పోతే పది రోజులకు గానీ రాడు, ఇంట్లో మేమిద్దరమే. పనిలోనూ ఇద్దరమే. ఆ పిల్ల నీళ్ళు మోసి, మొదటి తొక్కుడు తొక్కి పక్కకు తప్పుకుంటుంది. ఆఖరి తొక్కుడు నాది. మూడేళ్ళుగా అడుగుతోంది, "అత్తయ్యా, ఒక్కసారి ఆఖరిది నన్ను తొక్కనివ్వండి" అని. దాని మడమలు చూడాలి మీరు, ఎండిన చెరువు నయం. ఎన్ని చిట్కాలు చెప్పినా ఒక్కటీ పాటించదు. "ఆ పగుళ్ళలో ఏనుగు దూరినా నీకు తెలియదు, పోవే" అని నవ్వేసేదాన్ని. అదీ నవ్వేది. ఆ నవ్వు ఈమధ్య తగ్గింది.

ఒక ఆదివారం సాయంత్రం నేను తొట్టిలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. అడుగున పడిపోయిన నురగరాయి తీసివ్వమంటే ఆ పిల్ల చెయ్యి పెట్టి కెవ్వుమంది.

"అమ్మో! ఏం నీళ్ళివి అత్తయ్యా? కాలిపోతున్నాయి! కాళ్ళు తియ్యండి ముందు!"

రెండు కాళ్ళూ పట్టుకుని బయటికి లాగేసింది. పాదాలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. కుడికాలు చురుక్కుమంటూనే ఉంది, నాకు తెలుస్తూనే ఉంది. నీళ్ళు వేడిగా ఉంటే చర్మం తొందరగా మెత్తబడుతుందని ఓర్చుకున్నాను. కానీ ఎడమకాలి మీద బొబ్బ తేలింది. అది నేను చూడనే లేదు.

"మీకు కాలడం తెలియలేదా?"

"నా ఒంటికి అలవాటే. నీ చేతులు మరీ సుకుమారం."

"నిజం చెప్పండి అత్తయ్యా. తెలియలేదు కదూ? రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి పోదాం. నేనూ వస్తాను."

అరికాలి మంట నెత్తికెక్కింది అంటారు. నా అరికాల్లో మంటే లేదు, అయినా నెత్తికి మాత్రం ఎక్కింది.

"నా చోటు కావాలంటే సూటిగా అడుగు. డాక్టరు వంక దేనికి?" అన్నాను.

అనకూడని మాట. నోరు దాటాక తెలిసింది. ఆ పిల్ల తొట్టి ఎత్తుకెళ్ళి పెరట్లో నీళ్ళు పారబోసి, దాన్ని గోడవారగా ధన్‌మని పడేసింది. అత్త మీద కోపం దుత్త మీద అని ఊరికే అన్నారా? లోపలికొచ్చి బొబ్బకు తేనె రాసింది. రాస్తున్నంతసేపూ నా ముఖం చూడలేదు.

మర్నాటి నుంచి తొక్కే తీరు మార్చాను. మట్టిని గచ్చు మీద గుండ్రంగా పరిచి, బయటి అంచు నుంచి లోపలికి చుట్లు చుట్లుగా తొక్కుకొస్తాం. ముందు ఎడమకాలు వెతుకుతుంది, వెనక కుడికాలు అదుముతుంది. ఇన్నేళ్ళూ అలాగే తొక్కాను. ఇప్పుడు కుడికాలు ముందు పెట్టి ఎదురు దిశలో తిరిగాను. కుడికాలికి ఇంకా ప్రాణముంది. ఆ ఒక్క కాలితో మొత్తం మట్టిని వెతకాలంటే రెట్టింపు చుట్లు తిరగాలి. మధ్యాహ్నానికి పిక్కలు పట్టేసేవి. ఆ పిల్ల నీళ్ళు చల్లుతూ నా అడుగుజాడల్ని చూసేది. అడుగుతుందేమోనని నేను తల ఎత్తేదాన్ని కాదు. అడగలేదు.

ఇన్ని పాట్లు పడ్డా రెండో జాడీ పగిలింది.

ఈసారి మేస్త్రి మాట్లాడాడు. అందరి ముందూ కాదు, నన్ను బట్టీ వెనక్కి పిలిచి చెప్పాడు.

"అక్కా, సోమవారానికి అరవై జాడీల మట్టి సిద్ధం కావాలి. అన్నీ పెద్దవే. మన ఓనరు పెద్దాయన ఒకటే మాటన్నాడు. శనివారం నీ మట్టిలో నేను ఎనిమిది పెంకుముక్కలు కలుపుతాను. ఎనిమిదీ తీశావా, ఇంక నీ జోలికి ఎవరూ రారు. ఒక్కటి మిగిలినా నువ్వు జాడీలు తుడిచే గదిలోకి పోవాలి."

"ఇది నీ మాటా, పెద్దాయన మాటా?"

"నా మాటైతే నీకు చెప్పే ధైర్యం నాకెక్కడిది?"

జాడీలు తుడిచే గది మా కార్ఖానాలో చివరిది. కళ్ళు మసకబారినవాళ్ళూ, నడుం వంగినవాళ్ళూ గోడకానుకుని కూర్చుని గుడ్డతో తుడుస్తుంటారు. ఎవరూ వాళ్ళను ఏమీ అనరు, ఏమీ అడగరు కూడా. మట్టి ఎలా ఉందని అడగడానికి చక్రం మీది పనివాళ్ళు నా దగ్గరికే వస్తారు. "అక్క తొక్కిందా? అయితే భయం లేదు" అంటారు. ఆ మాట పోతే నేనేమిటి? నాకు చదువు లేదు, ఇంకో పని రాదు. మా ఆయన పోయాక పిల్లవాణ్ణి పెంచింది ఈ రెండు కాళ్ళే.

శనివారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఆ నాలుగు రోజులూ నేను చేసింది తలుచుకుంటే ఇప్పుడు నాకే ఒళ్ళు మండుతుంది. ఉప్పునీళ్ళు మూడుపూటలా. నిమ్మచెక్క, పంచదార. అరటిపండు తొక్క లోపలివైపు రుద్దితే మెత్తబడుతుందని ఎవరో అంటే అదీ చేశాను. కలబంద గుజ్జు చేశాను. ఆముదంలో మైనం కరగబెట్టి పట్టించాను. నురగరాయితో ఎడమ అరికాలిని ఎంత రుద్దానంటే, కింద గులాబీరంగు తేలి, లోపలి సన్నటి నరాలు కనిపించాయి. ఇంకొక్క పొర పోతే స్పర్శ దొరుకుతుందని ఆశ. ఎక్కడో లోపల దాక్కుందనీ, రుద్దితే పైకొస్తుందనీ.

కోడలు గుమ్మంలో నిలబడి చూసింది. "అత్తయ్యా, చాలు. చర్మం ఊడి వస్తోంది" అంది మెల్లగా.

"నీ పని చూసుకో."

"ఇదీ నా పనే" అని అక్కడే కూర్చుంది. నేను రుద్దుతూనే ఉన్నాను.

శనివారం పొద్దున కార్ఖానా అంతా తొక్కుడు గచ్చు చుట్టూ చేరింది. చూడొద్దని మేస్త్రి కసిరినా ఎవరూ కదల్లేదు. అతను పగిలిన జాడీ పెంకును సుత్తితో చితగ్గొట్టి, బియ్యపుగింజంత ముక్కలు ఎనిమిది ఏరి, అరచేతిలో పెట్టి అందరికీ చూపించాడు. నన్ను అటు తిరిగి నిలబడమన్నాడు. మట్టిలో కలిపి, పారతో రెండుసార్లు తిరగేసి పరిచాడు.

"కానియ్యి అక్కా."

చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి ఎక్కాను. మట్టి చల్లగా ఉందని కుడికాలు చెప్పింది. కుడికాలు ముందు పెట్టి తిరగడం మొదలుపెట్టాను.

"ఎదురు తిరుగుతున్నావేంటి?" అన్నాడు మేస్త్రి.

"మట్టికి కుడి ఎడమలు కూడా ఉంటాయా? నీకు తెలిస్తే నువ్వొచ్చి తొక్కు!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోకూడదు కదా.

మొదటి చుట్టులోనే ఒకటి దొరికింది. బొటనవేలి కింద చురుక్కుమంది. వేళ్ళతో పట్టి తీసి మేస్త్రి చేతిలోకి విసిరాను. తర్వాత రెండోది, మూడోది. నాలుగోది మడమ కింద జారబోయి దొరికింది. ఒక్కోటి పడుతున్నప్పుడల్లా చక్రం మీది పనివాళ్ళు "శభాష్ అక్కా" అంటున్నారు. ఐదోదానికి చాలా సేపు పట్టింది. ఆరు. ఏడు. అప్పటికి గంట దాటింది. పిక్కలు వణుకుతున్నాయి.

ఎనిమిదోది లేదు.

మళ్ళీ బయటి అంచు నుంచి మొదలుపెట్టాను. కుడికాలు పెట్టని చోటంటూ లేకుండా, అంగుళం అంగుళం తొక్కాను. లేదు. మట్టిని చేతులతో తిరగేసి మళ్ళీ పరిచి తొక్కాను. లేదు. చెమట కళ్ళలోకి కారుతోంది, తుడుచుకుందామంటే చేతుల నిండా మట్టి. నా కాళ్ళు మట్టిలోంచి పైకి లేచే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించడం లేదు. దిగి పారిపోదామనిపించింది, నిజం చెబుతున్నాను.

అప్పుడు మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"ఏడేనేమోలే అక్కా. తిరగేసేటప్పుడు పార మీద నుంచి ఒకటి జారిందేమో. నేను సరిగ్గా చూళ్ళేదు."

అతను అబద్ధం చెబుతున్నాడు. ఎనిమిది అందరూ చూశారు. అయినా ఒక్కరు కూడా నోరు మెదపలేదు. ఇరవై ఆరేళ్ళు నాతో కలిసి అన్నం తిన్నవాళ్ళు.

"ఏడే" అన్నాను. "ఇంకేం లేదు. మట్టి శుభ్రం."

అందరూ ఊపిరి వదిలారు. నేను వెళ్ళి గచ్చు అంచున కూలబడ్డాను.

తొక్కుడు దిగినవాళ్ళ కాళ్ళ మీద చిన్నవాళ్ళు నీళ్ళు పోసి కడగడం మా దగ్గర అలవాటు. ఎనిమిది నెలలుగా ఆ చెంబు కోడలి చేతిలోంచి లాక్కుని నేనే కడుక్కుంటున్నాను. ఆ పూట లాక్కునే ఓపిక లేకపోయింది. ఆ పిల్ల ముందు కుడికాలు కడిగింది. తర్వాత ఎడమకాలు ఒళ్ళోకి తీసుకుంది. బూడిదరంగు నీళ్ళు కారాయి, మళ్ళీ పోసింది. ఈసారి ఎర్రగా కారాయి.

దాని చెయ్యి ఆగిపోయింది. పాదం పైకెత్తి చూసింది. బొటనవేలి ఉబ్బు కింద, నేను రుద్ది రుద్ది పల్చన చేసిన చోట, పెంకుముక్క నిలువునా దిగి ఉంది. ఎప్పుడు దిగిందో నాకు తెలియదు. దాన్ని కాల్లో పెట్టుకునే అంతసేపూ దానికోసమే వెతికాను. ఆ పిల్ల గోళ్ళతో పట్టి లాగింది. దాని మోచెయ్యి వెనక్కి రావడం చూశాను గానీ, నాకు ఏమీ తెలియలేదు.

ముక్కను గుప్పిట్లో దాచేసింది. తుండుగుడ్డ నా పాదం మీద కప్పి గట్టిగా అదిమింది. అటూ ఇటూ చూసింది.

"ఎవరూ చూళ్ళేదు అత్తయ్యా" అంది, నాకొక్కదానికే వినిపించేలా. "నేను చెప్పను."

మేస్త్రి అప్పటికే చక్రం వాళ్ళను పిలుస్తున్నాడు. మట్టి నిజంగానే శుభ్రంగా ఉంది, ఎనిమిదోది బయటికి వచ్చేసింది కదా. ఈ మట్టితో చేసే జాడీలకేమీ కాదు. నేను నోరు మూసుకుంటే చాలు, నా చోటు నాదే. కోడలు దీన్ని కడుపులో పెట్టుకుని దాచుకుంటుంది, ఆ సంగతి నాకు తెలుసు. ఆ ఆదివారం నేనన్న మాట కూడా అలాగే దాచుకుంది. తిరిగి ఒక్క మాట అనలేదు.

దాని ముఖం చూశాను. పళ్ళు బిగబట్టి, కళ్ళు గట్టిగా మూసి తెరుస్తోంది. ముల్లు దానికే గుచ్చుకున్నట్టు దవడ వణుకుతోంది. నా కాలికి రావాల్సిన నొప్పి అంతా ఆ ముఖంలో ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.

వచ్చే వారం ఇంకో మట్టి వస్తుంది. ఆ పై వారం ఇంకోటి. ప్రతిసారీ ఈ పిల్ల ఇలాగే గుప్పిట మూసుకుని నా పక్కన నిలబడాలా?

"మేస్త్రీ" అని పిలిచాను. "ఎనిమిదోది దొరికింది."

"అత్తయ్యా!" అంటూ ఆ పిల్ల గుప్పిట వెనక్కి దాచుకుంది. నేను మణికట్టు పట్టుకుని ముందుకు లాగి, వేళ్ళు ఒక్కొక్కటే విప్పాను. పెంకుముక్క రక్తంతో దాని అరచేతికి అంటుకుని ఉంది.

మేస్త్రి ఒంగి చూశాడు. "ఎక్కడిది ఇది?"

తుండుగుడ్డ తీసేశాను. "నా కాల్లో ఉంది. ఎంతసేపటినుంచి ఉందో నాకు తెలీదు. ఎనిమిది నెలలైంది ఈ కాలికి ఏమీ తెలియక. పగిలిన ఆ రెండు జాడీలూ నా మూలానే పగిలాయి."

మేస్త్రి తల మీది గుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. "ముందే చెప్పొచ్చుగా అక్కా" అన్నాడు చివరికి. అతని కళ్ళలో నీళ్ళు చూసి నాకు కోపమొచ్చింది.

"ఏడవకు. సోమవారానికి ఇంకో రెండు బళ్ళ మట్టి తొక్కాలి. ఇది తొక్కుతుంది" అని కోడలిని ముందుకు తోశాను.

ఆ పిల్ల బిక్కచచ్చిపోయింది. "నేనా? నా మడమలు పగిలిపోయి ఉన్నాయిగా అత్తయ్యా? మీరే కదా అనేవారు—"

"అన్నాను. పగిలితే పగిలాయి. వాటికి నొప్పి తెలుసు. ఎక్కు."

అది చీర ఎగ్గట్టుకుని, భయం భయంగా మట్టిలో కాలుపెట్టింది. ఎడమకాలు ముందు, సరైన తిరుగుడు. నేను దానికి ఎప్పుడూ నేర్పలేదు, నన్ను చూసి నేర్చుకుంది. రెండో చుట్టులో ఆగి, ఒంగి, మట్టిలోంచి ఏదో తీసి నాకేసి చూపించింది. చిన్న వేరుముక్క. మేస్త్రి కలిపిన వాటిలోది కాదు. నా కుడికాలు కూడా దాని మీద నుంచి మూడుసార్లు పోయింది.

నర్సమ్మ దగ్గరికి తీసుకుపోవడానికి మేస్త్రి భుజం అందించాడు. అక్కర్లేదని విదిలించుకుని నిలబడ్డాను. తలుపు దాకా నడిచాను. ఎడమకాలు నేల మీద ఆనిందో లేదో అడుగడుక్కీ కిందికి చూసుకుంటే గానీ తెలియలేదు.